మూడు బళ్ళు, ఒక స్కూటీ

"పిల్లని గవర్నమెంటు బళ్ళో వేశారటగా?" అని పక్కింటి పిన్నిగారు పిట్టగోడ మీంచి అడిగేసరికి నేను తడిబట్టలు ఆరేస్తున్నాను. అవునండీ అన్నాను. "అయ్యో, అంత కష్టమేం వచ్చిందమ్మా మీకు!" అన్నారు. ఎత్తిపొడుపు కాదు, పాపం నిజంగానే జాలిపడ్డారు. ఆ సాయంత్రం ఓ గిన్నెడు పులిహోర కూడా పంపించారు. మావారు రెండుసార్లు వడ్డించుకుని తిని, "మన కష్టాలు ఇలాగే ఉంటే బావుణ్ణు" అన్నారు.

కష్టమేమీ రాలేదు. మొన్న మే నెలలో హైదరాబాద్ నుంచి మావారి సొంతూరికి వచ్చేశాం. అత్తయ్యగారు బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆవిడ అక్కడికి రానన్నారు, మేమే ఇక్కడికి వచ్చాం. పెద్దాడు ఇంటరు, హాస్టల్లో ఉన్నాడు. చిన్నది మూడో తరగతిలోకి వచ్చింది. దాన్ని ఎక్కడ వెయ్యాలన్నదే సమస్య. ఊరు కోనసీమ అంచున ఉన్న చిన్న మునిసిపాలిటీ. పేరు చెప్పను. చెబితే ఆ బళ్ళేవో, ఆ టీచర్లెవరో ఊళ్ళోవాళ్ళందరికీ తెలిసిపోతుంది.

ముందు కాన్వెంట్‌కే వెళ్ళాం, అబద్ధం ఎందుకు. ఫీజు, బస్సు, పుస్తకాలు, రెండు రకాల యూనిఫాం అన్నీ కలిపి వాళ్ళు చెప్పిన అంకె హైదరాబాద్‌లో కట్టినదానికి పెద్ద దూరంలో లేదు. సరే, కడదాం అనుకున్నాం. కానీ క్లాసు చూస్తానంటే చూపించలేదు. "రూల్స్ ఒప్పుకోవు మేడమ్" అన్నారు. కూరగాయలు కొన్నా వంకాయ తిప్పి చూస్తాం కదా, ఇంత డబ్బు పోసి కొనేది చూడనివ్వరా అని నాకు తిక్క పుట్టింది. బయటికొచ్చాక మావారు మెల్లిగా అన్నారు, "నేను చదివింది మునిసిపల్ బళ్ళోనే. అక్కడ చూడనిస్తారు."

అలా మొదలైంది నా బళ్ళ పరిశోధన.

మా ఇంటికి నడిచి వెళ్ళగలిగే దూరంలోనో, స్కూటీ మీద అయిదు నిమిషాల్లోనో మూడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు ఉన్నాయి. బోర్డు మీద పేర్లు వేరు. ఊళ్ళో వాటిని చెరువు బడి, మార్కెట్ బడి, కాలవగట్టు బడి అంటారు. ఏది మంచిదని పాలవాడి దగ్గర్నుంచి బ్లౌజులు కుట్టే ఆవిడ దాకా అందర్నీ అడిగాను. అందరిదీ ఒకటే మాట, చెరువు బడి. ఎందుకండీ అంటే, "కొత్తగా ఉంటదండి, అచ్చం కాన్వెంట్ లాగే."

నిజంగానే అలాగే ఉంది. 2019 నవంబరులో మొదలైన 'మన బడి నాడు-నేడు' మొదటి విడతలో పదిహేను వేల పైచిలుకు బళ్ళు బాగుచేశారు కదా, అందులో ఇదొకటి. ప్రహరీ, రంగులు, కుళాయి ఉన్న మరుగుదొడ్లు, ఫ్యాన్లు, ఆకుపచ్చ బోర్డులు, పిల్లల ఎత్తుకి సరిపోయే బల్లలు. గోడ మీద జిరాఫీ బొమ్మ కూడా వేశారు. మావారు చదివిన బడి ఇదే. "మా రోజుల్లో చెరువుగట్టు మీదకి పోయేవాళ్ళం" అని మరుగుదొడ్ల ముందు నిలబడి మురిసిపోయారు. ఆడపిల్ల తల్లిగా నేనూ మురిశాను. తలుపుకి గడియ, లోపల నీళ్ళు, రెండూ ఉన్నాయి. ఆ రెండూ లేక పిల్లలు పొద్దుట్నుంచి మంచినీళ్ళు తాగకుండా ఉగ్గబట్టుకుని ఇంటికొచ్చిన రోజులు మనలో చాలామందికి తెలుసు. కాబట్టి గోడల్నీ కుళాయిల్నీ తీసిపారేసే మాట నేను అనను.

కానీ అక్కడ ఓ గంట కూర్చున్నాను. ఒకటి నుంచి అయిదు దాకా తరగతులు, మొత్తం నలభై ఒక్కమంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. ఒక టీచరమ్మ ఒకటి, రెండు తరగతుల్ని ఒక గదిలో, ఇంకొకాయన మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని ఇంకో గదిలో. ఆయనే హెడ్మాస్టరు కూడా. నేనున్న గంటలో ఆయన ఫోన్లో పిల్లల హాజరు వేశారు, భోజనం లెక్క వేశారు, పై ఆఫీసు నుంచి వచ్చిన రెండు ఫోన్లు మాట్లాడారు. మధ్యలో అయిదో తరగతికి భాగహారం ఇచ్చారు. మూడో తరగతి పిల్లలు పలకల వైపు కాదు, నా వైపు చూస్తూ కూర్చున్నారు. పాపం ఆయన సోమరి కాదు. చెమటలు కక్కుతున్నాడు. స్మార్ట్ టీవీ మీద మాత్రం శుభ్రంగా గుడ్డ కప్పి ఉంది.

నాకు ఇదేదో అన్యాయం అనిపించింది. తీరా చూస్తే లెక్కప్రకారం అంతా సక్రమమే! విద్యాహక్కు చట్టం 2009లో ప్రాథమిక బడికి అరవై మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు చాలు. తొంభై దాకా ముగ్గురు, నూట ఇరవై దాకా నలుగురు, రెండువందల దాకా అయిదుగురు. ముప్పై మందికి ఒకరు అన్న లెక్క వినడానికి బావుంటుంది. కానీ ఆ ముప్పై మందీ ఒకే తరగతి పిల్లలైతేనే అది ముప్పై. మూడు తరగతుల పిల్లలైతే ఆ మనిషి మూడు పొయ్యిల మీద మూడు వంటలు, ఒక్క గరిటెతో చేస్తున్నట్టే. ఏదో ఒకటి అడుగంటుతుంది.

అప్పటినుంచీ నేను అడిగే ప్రశ్న మారిపోయింది. పిల్లలెందరు, టీచర్లెందరు అని కాదు. ఒక టీచరుకి ఎన్ని తరగతులు?

మార్కెట్ బడికి వెళ్ళిన రోజు నిజం చెప్పాలంటే గుమ్మంలోనే వెనక్కి తిరగాలనిపించింది. పక్కనే చేపల బజారు. వాసన సంగతి మీరే ఊహించుకోండి. పాత పెంకుటిల్లు ఒకటి, దాని పక్కన డాబా రెండు గదులు. ఇంకో గది మొదలుపెట్టి సగంలో వదిలేశారు, ఇనుపచువ్వలు ఆకాశంలోకి పొడుచుకొచ్చి ఉన్నాయి. పిల్లలు అటు వెళ్ళకుండా తాటాకుల దడి కట్టారు. ఆ దడి కట్టింది ఎవరో కాదు, పిల్లల తండ్రులేనట. జిరాఫీ లేదు.

అక్కడ నూట నలభై మంది దాకా పిల్లలు, అయిదుగురు టీచర్లు. అంటే తరగతికొకరు. మీకు గుర్తుండే ఉంటుంది, 2022లో మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్ళలో కలపాలన్నారు. ఊళ్ళల్లో పెద్ద గొడవైంది. మళ్ళీ 2025లో ఆ పద్ధతి తీసేసి, తరగతికో టీచరు ఉండేలా మోడల్ ప్రైమరీ స్కూళ్ళు అన్నారు. ఎవరి హయాం గొప్పది అన్న చర్చ నాకు వద్దు, దానికి మావారూ వాళ్ళ బావగారూ ఉన్నారు, ఆదివారాలు అదే పని. నాకు కావలసింది మూడో తరగతికి ఒక మనిషి. ఇక్కడ ఉంది.

ఆ టీచరమ్మని అడిగి పిల్లల నోటు పుస్తకాలు చూశాను. ముందు ఆవిడ పైనున్న పుస్తకం ఇచ్చారు. కింది నుంచి ఒకటి ఇవ్వండి అన్నాను. ఆవిడ నవ్వేసి ఇచ్చారు. (ఇది నేను బట్టల కొట్లో నేర్చుకున్న విద్య.) అక్షరాలు కోడికాళ్ళే, కానీ ప్రతి పేజీలో ఎర్రసిరాతో దిద్దిన గుర్తులున్నాయి. తప్పు రాసిన మాట పక్కన సరైన మాట రాసి, పిల్లాడు దాన్ని మళ్ళీ మూడుసార్లు రాసి ఉన్నాడు. ఉత్త టిక్కు పెట్టి తిప్పేసిన పేజీ కనిపించలేదు. బోర్డు మీద తేదీ ఆ రోజుదే. (నవ్వకండి, ఇంకో బళ్ళో బోర్డు మీద తేదీ రెండ్రోజుల వెనకది.)

తర్వాత ఒక పని చేశాను. 'అసర్' సర్వే అని ప్రథమ్ సంస్థవాళ్ళు 2005 నుంచి చేస్తున్నారు, చదివే ఉంటారు. ఇళ్ళకి వెళ్ళి పిల్లల చేత రెండో తరగతి స్థాయి చిన్న కథ చదివిస్తారు. అంతకు మించి హంగామా లేదు. నేనూ మా చిన్నదాని పాత తెలుగు వాచకం పట్టుకెళ్ళి, మూడు బళ్ళలోనూ మూడో తరగతి పిల్లలు కొందరి చేత ఒక్క పేజీ చదివించాను, టీచరు ఎదురుగానే, అడిగే. చెరువు బడిలో ఒకమ్మాయి గడగడా చదివింది, మిగతావాళ్ళు గుణింతాల దగ్గర ఆగిపోయారు. మార్కెట్ బడిలో అయిదుగురిలో నలుగురు చదివారు. అయిదోవాడు చదవలేకపోతే పక్కవాడు అందించబోయాడు. "నీకు చెప్పమన్నానా?" అని టీచరమ్మ వాణ్ణి ఆపి, అయిదోవాడి కోసం ఆగారు. చాలాసేపే ఆగారు. ఆ ఆగడం చూశాక చేపల వాసన నాకు అంత తెలియలేదు.

ఇంతకీ ఈ పరీక్షలో మా చిన్నదాని సంగతి? మూడో వాక్యంలో ఆగిపోయింది. మూడేళ్ళు వేలకు వేలు పోసి చదివిస్తే తెలుగులో "స్నేహితులు" అన్న మాట దగ్గర కూలబడింది. ఇక్కడి పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ అదే పాఠం ఇంగ్లీషు. ఇప్పుడు సాయంత్రాలు అది ఇంగ్లీషు పేజీ చదువుతుంది, అత్తయ్యగారు మంచం మీంచి తెలుగు పేజీ చదువుతారు, తర్వాత పుస్తకం తిప్పుకుంటారు. ఇద్దరిలో ఎవరు ముందు గెలుస్తారో చూడాలి.

మూడోది కాలవగట్టు బడి. దాని గురించి రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను, రాయడానికి వాయిదా వేసుకుంటూ ఇంతదూరం వచ్చాను.

ఒకటే గది, ఒక వరండా, పదిహేడు మంది పిల్లలు, ఒక్క మాస్టారు. చట్టం ప్రకారం ఇద్దరుండాలి, కానీ పిల్లలు మరీ తక్కువున్న బళ్ళకి చాలాచోట్ల ఒక్కరే. ఆ మాస్టారు మూడు బళ్ళలో నేను చూసిన టీచర్లందరిలోకీ గొప్పవాడు అని నా అభిప్రాయం. పిల్లల్ని తరగతుల వారీగా కాకుండా చదవగలిగినదాన్ని బట్టి మూడు గుంపులు చేసి కూర్చోబెట్టాడు. పెద్దపిల్లలు చిన్నవాళ్ళకి అక్షరాలు దిద్దిస్తున్నారు. చింతపిక్కలతో ఎక్కాలు. కాలవలో పారే నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయని అడిగితే ఒక బుడంకాయంత పిల్లాడు ధవళేశ్వరం ఆనకట్ట పేరు, కాటన్ దొర పేరు చెప్పాడు. నాకే ఒళ్ళు పులకరించింది.

అయితే ఆ మాస్టారికి శిక్షణ ఉంటే? మీటింగు ఉంటే? జ్వరం వస్తే? పక్క బడి నుంచి ఎవరినైనా సర్దుతారు, లేకపోతే అంగన్‌వాడీ ఆవిడ చూసుకుంటుంది, అంటే పిల్లలు అరవకుండా చూసుకుంటుంది. మంచి మాస్టారు ఉన్న బడి వేరు, మంచి బడి వేరు. ఆయనకి బదిలీ అయిన రోజున ఆ పదిహేడు మందికి ఏం మిగుల్తుంది? ఆ చింతపిక్కలు.

మా ఇంట్లో పనికి సాయం వచ్చే ఆవిడ కూతురు ఆ బళ్ళోనే చదివేది. మా చిన్నదాని వయసే. నేను మూడు బళ్ళూ తిరిగొచ్చి వంటింట్లో లెక్కలు చెబుతుంటే గిన్నెలు తోముతూ అంతా విని, "మార్కెట్ బడి మంచిదని నాకూ తెలుసక్కా. మెయిన్ రోడ్డు దాటాలి గదా. పొద్దున్న ఆరింటికే నేను పన్లోకొచ్చేత్తాను, ఆయన ఇటుకబట్టీకి పోతాడు. లారీల్లోంచి పిల్లనెవరు దాటిత్తారు?" అంది.

ప్రాథమిక బడి కిలోమీటరు లోపల ఉండాలని నిబంధన. కాలవగట్టు బడి వాళ్ళ గుడిసెకి రెండువందల గజాలు. మార్కెట్ బడి కూడా కిలోమీటరు లోపలే. కాగితం మీద రెండూ దగ్గరే. కానీ ఆ కిలోమీటరులో లారీలు ఉండవు. చూశారా, ఏ బడి మంచిది అన్నది నేను నెలరోజులు తిరిగి తెలుసుకున్నాను, ఆవిడకి ముందే తెలుసు. ఆవిడకి తక్కువైంది తెలివిడి కాదు, పొద్దున్న ఎనిమిదిన్నరకి ఒక మనిషి.

కాబట్టి చిన్న బళ్ళు మూసెయ్యకూడదు అనేవాళ్ళతోనూ, పెద్ద బళ్ళే ఉండాలి అనేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. పదిహేడు మందికి ఒక గది తెరిచిపెట్టి "బడి దగ్గర్లోనే ఉందిగా" అనడం మోసం. తరగతికో టీచరున్న బడి ఒకటి చూపించి "అందరూ అక్కడికే రండి" అని, దారిలో లారీల సంగతి తల్లులకి వదిలెయ్యడం కూడా మోసమే. దూరం నుంచి వచ్చే పిల్లలకి రవాణా భత్యం ఇచ్చే ఏర్పాటు సమగ్ర శిక్షలో ఉంది. దాన్ని దూరంతో కాకుండా దారితో కొలవాలి. రోడ్డు అవతలి పదిహేను మంది పిల్లలకి రెండు ఆటోలు చాలు. జులై 10న మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగినప్పుడు నేను ఈ మాట లేచి నిలబడి అడిగాను కూడా. బడి కమిటీల్లో మూడొంతులమంది తల్లిదండ్రులే ఉండాలి, అందులో సగం ఆడవాళ్ళే ఉండాలి అని చట్టంలో రాసి ఉంది, మనం నోరు విప్పకపోతే ఎలా? అందరూ చప్పట్లు కొట్టారు. రాసుకున్నారు. ఆటో ఇంకా రాలేదు.

ఇంట్లో ఇంకో మీటింగు అయింది. మధ్యాహ్నం పిల్ల అక్కడే తింటుందనేసరికి అత్తయ్యగారు, "అందరితో బంతిలో కూర్చునా?" అన్నారు. ఆ "అందరితో" అన్న మాటలో ఏముందో నాకూ తెలుసు, మీకూ తెలుసు. నేనేమీ అనలేదు. మావారే, "అమ్మా, ఆ భోజనానికి ఎవరి పేరు పెట్టారో తెలుసా? డొక్కా సీతమ్మగారి పేరు. మన లంకల గన్నవరం సీతమ్మగారే" అన్నారు. అత్తయ్యగారి పుట్టిల్లు ఆ పక్కనే. వచ్చినవాళ్ళది ఏ కులమో అడక్కుండా అర్ధరాత్రి లేచి అన్నం వండిన ఇల్లాలి కథలు వింటూ పెరిగిన మనిషి ఆవిడ. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గుడ్డు పెడతారటగా, దాని పళ్ళెం దాన్నే కడుక్కోమనండి" అన్నారు. అంతటితో తేలిపోయింది.

మా చిన్నది మార్కెట్ బళ్ళో చేరింది. అదేమంత త్యాగం కాదు. నాకు రెండు స్కూటీ చక్రాలూ, పొద్దున్న పావుగంటా ఉన్నాయి కాబట్టి మంచిది ఏరుకున్నాను. మొదటివారం ఒక్కదాన్నే తీసుకెళ్ళాను. రెండోవారం గిన్నెల దగ్గర ఆవిడ, "అక్కా, ఎనకాల ఒకళ్ళకి చోటుంటదా?" అని అడిగింది, కొంగు సర్దుకుంటూ, ఎటో చూస్తూ. ఆ మాట ఆవిడ చేత అడిగించుకున్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గే. నాకే తట్టాలి.

పిల్ల పేరు మార్చాలంటే కాలవగట్టు బడి నుంచి రికార్డు షీటు తేవాలి. ఆవిడకి పని వదిలి రావడం కుదరక నన్ను కూడా రమ్మంది. మాస్టారు వరండాలో స్టూలు వేసుకుని రిజిస్టరు తెరిచారు. ఆయన ముఖం చూడకుండా నేను గోడమీది బొమ్మలు చూస్తూ నిలబడ్డాను. ఆ గోడ మీద పదిహేడు పేర్లు, ఒక్కొక్కరూ ఎన్ని పుస్తకాలు చదివారో చుక్కలు పెట్టి ఉన్నాయి. మా పనావిడ కూతురికి పదకొండు చుక్కలు.

చేరినవాళ్ళ సంఖ్యని బట్టే పోస్టులు. పదిహేడు పదహారైంది. ఇంకా తగ్గితే ఆ బడి ఉంటుందో ఉండదో ఆయనకి మనకంటే బాగా తెలుసు. తిట్టలేదు. "మంచి పని చేశారమ్మా, అక్కడ మూడో తరగతి టీచరు బాగా చెబుతారు" అన్నారు. సంతకం పెట్టి, కాగితం మడిచి ఇస్తూ, పిల్ల తలమీద చెయ్యివేసి, చదవకుండా మిగిలిన కథల పుస్తకాలు రెండు ఇచ్చారు. చదివి తెచ్చి ఇవ్వమన్నారు.

గేటు దాటుతుంటే వెనకనుంచి పిలిచారు. "అమ్మా, మీ వీధిలో వచ్చే జూనుకి ఒకటో తరగతికి వచ్చే పిల్లలు ఎవరైనా ఉన్నారా?"

ఒక్కడున్నాడు. పులిహోర పంపిన పిన్నిగారి మనవడు. కాన్వెంట్‌లో వాడికి అప్పుడే అడ్వాన్సు కట్టేశారు.

లేరండీ, అన్నాను.